కొలత రాయని గడి

బట్టల కొట్టు వెనక గదిలో ప్యాంట్ల పొడవు తగ్గించి, నడుములు వదులు చేసి, జిప్పులు మార్చే పని ఆమెది. ఎవరు లావెక్కారో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో వాళ్ళ ఇంట్లోవాళ్ళకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. టేపు మెడలో వేసుకుందంటే ఆమె కంటిని దాటి అంగుళం కూడా పోలేదు. అంతటి మనిషికీ ఈ రాళ్ళు కొట్టే ఆట మాత్రం కొరుకుడు పడలేదు.

అది కంప్యూటర్లో ఆడే ఆట. ఎక్కడెక్కడివాళ్ళో తమ తమ ఇళ్ళలో కూర్చుని, ఒకే ఆకాశంలో ఓడలు నడుపుతారు. ఓడ కట్టాలంటే సరుకు కావాలి. సరుకు కావాలంటే చీకట్లో తేలే బండల దగ్గరికి పోయి, వాటిని పగలగొట్టి, ఆ పొడిలోంచి పనికొచ్చేది ఏరుకోవాలి. అందులో అన్నిటికంటే దొరకనిది వెండి మసి. పొద్దంతా కొడితే చిటికెడు. ఒక్కోరోజు అదీ ఉండదు.

“బియ్యంలో రాళ్ళు ఏరమంటే ఏరతాను. రాళ్ళలో బియ్యం ఏరమంటే ఎలా?” అని తెరను చూసి విసుక్కునేది.

విసుక్కునేది గాని మానేది కాదు. ఎందుకంటే ఆ ఓడ ఆమె కొడుకుది.

వాడికి పుట్టుకతోనే గుండె బలహీనం. బరువులెత్తొద్దు, పరుగెత్తొద్దు అన్నాడు డాక్టరు. ఆమె ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివి, నీళ్ళ బకెట్ కూడా ముట్టనిచ్చేది కాదు. మీసాలొచ్చిన కొడుకు పక్కన నడుస్తూ వాడి పుస్తకాల సంచి తనే భుజాన వేసుకునేది. “అమ్మా, జనం నవ్వుతున్నారే” అని వాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు. “నవ్వనీరా, వాళ్ళ పళ్ళు వాళ్ళ ఇష్టం” అనేది. అందుకే వాడికి ఆ ఆటంటే ప్రాణం. “ఇంట్లో చెంబు ఎత్తనివ్వవు. ఇక్కడ చూడు, కొండలు పగలగొడుతున్నా!” అని మురిసిపోయేవాడు. ఆ లోకంలో వాడు పెట్టుకున్న పేరు దర్జీకొడుకు. ఇంకే పేరూ దొరకలేదురా నీకు అని తిట్టింది గాని, ఆ రోజంతా మిషను తొక్కుతూ తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

వాడు కడుతున్న ఓడలో రెండు కుర్చీలు. రెండోది తల్లికి. చుట్టూ వలయాలున్న ఒక గ్రహం దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తానని మాట ఇచ్చాడు. అన్నీ అమిరాయి, ఇంజనుకి కావలసిన వెండి మసి ఒక్కటే తక్కువైంది. అది దొరక్కముందే ఒక మధ్యాహ్నం కాసేపు పడుకుంటానని పడుకుని, మళ్ళీ లేవలేదు.

చాలాకాలం ఎవరూ ముట్టని ఓడను ఆట నడిపేవాళ్ళు విప్పి పారేస్తారట. ఆ సంగతి చెప్పింది కొడుకు స్నేహితుడు. ఓడను దింపేటప్పుడల్లా గిరగిరా తిరుగుతాడని అతన్ని అందరూ బొంగరం అంటారు. ఎక్కడో కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని చేస్తాడు. ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు, హెడ్‌ఫోన్‌లో వినబడే గొంతే పరిచయం.

“విప్పేస్తారా? వాడు కట్టుకున్నదాన్ని?” అంది ఆమె ఆ రోజు.

“ఇంకా టైముంది ఆంటీ. ఇంజను పెడితే చాలు, ఇక ఎవరూ ముట్టుకోరు.”

ఆ మర్నాటి నుంచే, కొడుకు ఎప్పుడో తన కోసం ‘అమ్మ’ అన్న పేరుతో తెరిచిపెట్టిన ఖాతాలోంచి రాళ్ళు కొట్టడం మొదలుపెట్టింది. బిడ్డ చేతులతో కట్టినది ఒక్కటంటే ఒక్కటి ఈ లోకంలో మిగలాలి. ఆమెకు కావలసింది అంతే.

ఆ రోజు కొట్టుకు సెలవు. ఉదయం నుంచి వాన పట్టి వదలడం లేదు. భర్త బస్సు డ్రైవరు. డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగి, “ఆ పెట్టె ముందు కూర్చుంటే వాడు తిరిగొస్తాడటే?” అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. ఆమె గొడుగు తెచ్చి అతని చేతిలో పెట్టింది. కొడుకు గదిలోకి పోయి కర్టెన్లు లాగి, వాడి కుర్చీలో కూర్చుంది.

మధ్యాహ్నం దాకా కొట్టింది. బొటనవేలు తిమ్మిరెక్కింది. ఎట్టకేలకు ఒక బండలో వెండి మసి మెరిసింది. ప్రాణం లేచొచ్చినట్టయి ఓడను అటు తిప్పేలోపు, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు గద్దలా దిగి తన్నుకుపోయాడు. పోతూ పోతూ ఓడతో పల్టీ కూడా కొట్టాడు.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసి ఏడ్చేసింది. “నా వల్ల కాదు బాబూ. తల ప్రాణం తోకకొచ్చింది.”

“ఏడవకండి ఆంటీ. కోరికల బోర్డు మీద పెట్టండి” అన్నాడు బొంగరం. “మా గుంపులో పద్ధతి అది. కావలసింది అక్కడ రాస్తే, వీలున్నవాళ్ళు తెచ్చి మీ గోదాం గుమ్మంలో పెట్టి పోతారు. బదులు అడగరు. మీరు రాస్తుండండి, నేను అన్నం తినొస్తా.”

ఆమె కళ్ళజోడు పెట్టుకుని బోర్డు తెరిచింది. రెండే గడులు. ఏం కావాలి, ఎంత కావాలి. మొదటిదాంట్లో వెండి మసి అని రాసింది. రెండోదాని దగ్గర ఆగింది. ఇంజనుకి ఎంత పడుతుందో సరిగ్గా తెలియదు. కొలత తెలియనప్పుడు గడి ఖాళీగా వదిలేసి, మనిషి వచ్చాక కొలిచి రాయడం ఆమె అలవాటు. అందాజుకి అంకె వేస్తే బట్ట పాడవుతుంది. బొంగరాన్ని అడిగి రాద్దాంలే అనుకుని, ఖాళీగానే వదిలి నొక్కేసింది.

కాసేపు ఏమీ లేదు. బయట వాన, గదిలో కంప్యూటరు ఫ్యాను చప్పుడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఉండగా గోదాం గుమ్మంలో ఒక పెట్టె కనబడింది.

వెండి మసి! పెట్టె నిండా!

“చల్లగా ఉండు నాయనా, ఎవరి బిడ్డవో” అంటూ పెట్టె మీద చీటీ చూసింది. ఆ ఆటలో ప్రతి పెట్టె మీదా పగలగొట్టినవాళ్ళ పేరు పడుతుంది.

దర్జీకొడుకు.

పాత పెట్టె అయ్యుంటుందిలే, వాడు ఎప్పుడో దాచింది ఇప్పుడు బయటపడిందేమో అనుకుంది. రెండో పెట్టె వచ్చింది. అదే పేరు. మూడోదీ అంతే. వాడి ఖాతా తెరవడానికి వీలున్నది ఈ ఒక్క కంప్యూటర్లోనే. దాని ముందు తనే కూర్చుని ఉంది. పేర్ల వరసలో వాడి పేరు పక్కన దీపం ఆరిపోయే ఉంది, వాడు పోయిన రోజు నుంచి ఉన్నట్టే.

హెడ్‌ఫోన్‌లో చప్పుడు మొదలైంది.

టక్... టక్... టక్...

ఎక్కడో దూరంగా. రాతి మీద ఇనుము. దానితోపాటు గదిలోకి వాసన వచ్చింది, రెండు రాళ్ళు రాపాడిస్తే వచ్చే కాలిన వాసన. వాన తేమలో అది ముక్కుకు అంటుకుపోతోంది. కాళ్ళ దగ్గర చల్లబడింది.

చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఊపిరి వినబడింది. లోపలికి పీల్చి, సగంలో ఆగి, మళ్ళీ పీల్చే ఊపిరి.

ఆ ఊపిరి ఆమెకు తెలుసు. మెట్లెక్కేటప్పుడు మలుపులో ఆగి, అమ్మ చూడకుండా గోడ పట్టుకుని వాడు తీసుకునే ఊపిరి అది. ఇన్నేళ్ళూ చూడనట్టు నటించింది, చూసినట్టు తెలిస్తే వాడు చిన్నబోతాడని.

“నాన్నా...” అంది గుసగుసగా. “నువ్వేనా?”

టక్... టక్...

భయం వేసింది. అబద్ధం ఎందుకు, ఒళ్ళంతా జలదరించింది. కాని ఆ భయంకంటే సంతోషమే ముందు పొంగింది. వాడే! వాడు ఉన్నాడు! ఎక్కడైతేనేం, ఎలాగైతేనేం! ఒక్కో పెట్టె వచ్చినప్పుడల్లా తెర మీద ఆ పేరును వేలితో నిమిరింది. ఓడ సిద్ధమైంది అని ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. గోదాంలోంచి సరుకు తనంతట తనే ఓడలోకి చేరి, ఇంజను ఎప్పుడో నిండిపోయింది. ఆమె అటు చూడనే లేదు. ఇంకొకటి రానీ, ఇంకొక్కటి, అనుకుంటూ కూర్చుంది.

పెట్టెలు వస్తూనే ఉన్నాయి. గుమ్మం నిండిపోయింది. కర్టెన్ల అంచున ఉన్న కాస్త వెలుతురూ తగ్గింది.

టక్... టక్... ఊపిరి మధ్యలో ఈల మొదలైంది. ఆ మధ్యాహ్నం వాడు పడుకునే ముందు వచ్చిన ఈల.

“ఆంటీ?” బొంగరం తిరిగొచ్చాడు. “ఇదేంటి... ఇన్ని పెట్టెలు ఎవరు తెచ్చారు?”

“వాడే.”

“ఎవరు?”

“పేరు చూడు బాబూ.”

అతను చీటీలన్నీ చూశాడు. తర్వాత అతను చిన్నగా అడిగాడు. “ఆంటీ... మీరు ఎంత కావాలని రాశారు?”

“ఏమీ రాయలేదు. నిన్ను అడిగి రాద్దామని ఖాళీగా ఉంచాను.”

“అయ్యో.”

“ఏమైంది?”

“ఖాళీగా వదిలితే... అంతు లేదని లెక్క. ఒప్పుకున్నవాళ్ళు తెస్తూనే ఉండాలి. మీరు ఆపేదాకా.”

ఆమె మళ్ళీ ఆ పెట్టెల వైపు చూసింది. చెంబు ఎత్తనివ్వలేదు. సంచి మోయనివ్వలేదు. ఆ బిడ్డ అక్కడ, ఆ చీకట్లో, ఎవరూ లేని చోట బండలు కొడుతున్నాడు. అడిగింది అమ్మ కనక కొడుతున్నాడు. పొద్దున్నుంచి తను కొట్టీ కొట్టీ వేళ్ళు పోయాయని ఏడ్చిన ఆ పనే. మరి వాడికి ఆ గుండె...

“ఆపెయ్యండి ఆంటీ” అన్నాడు బొంగరం ఏడుపు గొంతుతో. “ఎర్రది ఉంది చూడండి. అది నొక్కితే అయిపోతుంది.”

“ఆపితే వాడు వెళ్ళిపోతాడు.”



ఆమె వేలు ఎర్ర బొత్తాం మీద పెట్టింది. నొక్కలేదు. టక్... అన్న ప్రతి దెబ్బా ఆమె దగ్గర వాడు ఉన్నాడని చెబుతోంది. ఒక్కసారి పోగొట్టుకున్నప్పుడు ఆమె చేతుల్లో ఏమీ లేదు. ఇప్పుడు తన వేలితో తనే పోగొట్టుకోవాలి. ఏ తల్లి చేయగలదు?

ఇంకో పెట్టె వచ్చింది. సగమే ఉంది. తర్వాతది పావు. ఊపిరి తీయలేక దగ్గుతున్నాడు. దగ్గు ఆగకముందే...

టక్.

“చాలు నాన్నా” అని నొక్కేసింది.

చప్పుడు ఆగింది. ఊపిరీ ఆగింది. కాలిన వాసన మాత్రం గదిలో అలాగే ఉంది. కోరికల బోర్డు ఖాళీగా కనబడింది. వాడి ఓడ పూర్తయి, రెండు కుర్చీలతో తెర మీద నిలబడి ఉంది. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు.

“మంచి పని చేశారు ఆంటీ” అన్నాడు బొంగరం మెల్లగా. “ఇక వాడు...”

మాట మధ్యలో ఆగిపోయాడు.

“ఆంటీ. మీ గదిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు బాబూ. ఆయన ఇంకా రాలేదు.”

“మీ మైకులోంచి వస్తోంది... మీ పక్కనే... ఎవరో ఆయాసపడుతున్నారు.”

ఆమె ఊపిరి బిగబట్టింది. హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి తప్పించి విన్నది. వాన చప్పుడు. ఫ్యాను చప్పుడు. ఇంకేమీ లేదు. పక్కకు చూసింది. వాడి మంచం, మడత పెట్టిన దుప్పటి.

“నాకు వినబడట్లేదు” అంది. “ఏమైనా అంటున్నాడా? చెప్పు బాబూ, ఏమంటున్నాడు?”

అతను హెడ్‌ఫోన్ చెవులకు అదుముకున్న చప్పుడు వినబడింది.

“ఇంకా ఎన్ని కావాలమ్మా... అని అడుగుతున్నాడు.”

ఆమె కుర్చీలోంచి లేచింది. మంచం వైపు తిరిగి, “చాలు నాన్నా, ఇంకేమీ వద్దు, పడుకో” అంది. గోడ వైపు తిరిగి మళ్ళీ అంది. తలుపు దగ్గరికి పోయి, కర్టెన్ల దగ్గరికి పోయి, చేతులు చాచి, బరువు తనకివ్వమన్నట్టు, “దించెయ్యరా, దించెయ్యి, చాలు” అని గొంతు చించుకుని అరిచింది. హెడ్‌ఫోన్ తీగ లాగబడి బల్ల మీది కళ్ళజోడు కిందపడింది.

“విన్నాడా?” అని అడిగింది మైకు దగ్గరికి వచ్చి. “చెప్పు బాబూ, విన్నాడా?”

బొంగరం ఏడుస్తున్నాడు.

“మళ్ళీ అదే అడుగుతున్నాడు ఆంటీ.”