బోణీకి ముందు తెచ్చిన జాకీ

ఉమామహేశ్ డోన్‌లో పాత కారొకటి పెట్టుకుని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పుతాడు. టైరు మార్చినా, కారు అడుగున బిగింపులు చూసుకున్నా అన్నీ ఇంటి ముందరే, తన చేతులతోనే. అలాంటివాడు ఒక పొద్దున్నే ట్రాలీ జాకీని గడగడా ఈడ్చుకుంటూ పెద్దసుబ్బయ్య స్పేర్ పార్టుల అంగట్లోకి వచ్చి, దేవుడికి పెట్టిన అగరుబత్తి ఆరకముందే అగ్గి రాజేశాడు.

"ఏం సరుకప్పా ఇది! పంపు కొడితే లేస్తాది, చేయి తీస్తే కూచుంటాది. కొని మూడు నెల్లు కాలే!"

గల్లాపెట్టె దగ్గర్నుంచి శ్రీవాసవి గబగబా లేచొచ్చింది. పెద్దసుబ్బయ్య కూతురు. ఆ జాకీ అమ్మింది ఆమే.

"అన్నా, మెల్లగా! ఇంకా బోణీ కాలేదు. బోణీకి ముందు వాపసు సరుకు గడప దాటి రాకూడదు, నాయనకు శానా పట్టింపు. ఒక అర్ధగంట టీ తాగి రాండి, నేనే విప్పి చూస్తా."

ఆమె చెప్పింది సాయం. అతనికి వినిపించింది సాకు.

"దుడ్లు తీసుకునేటప్పుడు లేని పట్టింపు ఇప్పుడొచ్చిందా? మోసం సరుకు అమ్మి ముహూర్తాలు చెప్తాండారే!"

ఆ కేకకు బజారంతా తలలు తిప్పింది. పెద్దసుబ్బయ్య అతన్ని వదిలేశాడు. కూతురి వైపు చూశాడు. జాకీలు పెడదాం నాయనా అని ఏడాదిపాటు బతిమాలి ఆ సరుకు తెప్పించింది శ్రీవాసవే.

"నీ యాపారం చూసినాం గానీ, లోపలికి పో" అన్నాడు.

జాకీ ఎత్తాల్సింది కారుని. ఉమామహేశ్ దాంతో ఎత్తిపొడిచి, ఆమెను గల్లా దగ్గర్నుంచి దించేశాడు.

వారం తర్వాత మెకానిక్ యేసుప్రసాద్, ఉమామహేశ్ తెచ్చిన ఆ జాకీని ముందేసుకుని కూర్చున్నాడు. లోపల గాలి చేరిందేమోనని వాల్వు వదులు చేసి పదిసార్లు పంపు కొట్టాడు. మళ్లీ బిగించి కారు ఎత్తితే, అది ఆవలించినట్టు లేచి కునుకు తీసినట్టు దిగింది. మూత విప్పి, ఆయిల్ వేలికి అద్దుకుని వాసన చూశాడు.

"ఏం పోసినావు దీంట్లో?"

"ఆయిల్ తగ్గిందని బ్రేక్ ఆయిల్ పోసినా. ఇంట్లో మిగిలుంటే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! జాకీకి హైడ్రాలిక్ ఆయిలే పోయాల. ఆ బ్రేక్ ఆయిల్‌కు లోపల రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోయినాయి. ఇంక ఒత్తిడి యాడ నిలుస్తాది? కొత్తది కొనుక్కో. అమ్మినోళ్లు చెప్పలేదా?"

చెప్పింది. కొన్నరోజు బయట తుంపర పడుతుంటే, ఆయిల్ డబ్బా చేత్తో పట్టుకుని రెండుసార్లు చెప్పింది. ఇతను ఆ కాటుక కళ్లు చూస్తూ రెండుసార్లూ 'ఊ' కొట్టాడు. కళ్లు అంత విప్పినవాడు చెవులు కాస్త విప్పి ఉంటే! చెడింది తన జాకీ సీలు. బజారుకెక్కించింది వాళ్ల శీలం.

ఆ సాయంత్రమే వెళ్లి ఒప్పుకుని ఉంటే పోయేది. రేపు వెళ్దామనుకున్నాడు. ఆ రేపు పది నెలలు సాగింది. అంగడి ముందుకొస్తే చాలు, కారు వేగం పెంచేవాడు. ఎంత వేగంగా పోయినా గల్లా దగ్గర ఆమె లేని ఖాళీ కనబడేది. అద్దం వెనక దుమ్ము కొట్టుకుపోయి ఒకే ఒక జాకీ మిగిలి ఉండేది. దాన్ని ఎవరూ కొనలేదు. మోసం సరుకని ఊరందరికీ చెప్పిన మొనగాడు తనే కదా.

పదకొండో నెలలో, మళ్లీ బోణీకి ముందే ఆ గడప తొక్కాడు. లారీ డ్రైవర్లిద్దరు అప్పుడే లోపలికొస్తున్నారు. పెద్దసుబ్బయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు.

"వాపసు కాదు శెట్టిగారూ, బోణీకొచ్చినా. ఆ జాకీ కావాల."

"అది మోసం సరుకు గదప్పా?"

ఉమామహేశ్ గొంతు పెంచాడు. ఆరోజు ఎంత గట్టిగా అరిచాడో అంత గట్టిగా. "సరుకు మంచిదే. నేనే బ్రేక్ ఆయిల్ పోసి చెడగొట్టినా. ఆయమ్మ హైడ్రాలిక్ ఆయిలే పోయమని రెండుసార్లు చెప్పింది. నేను వినలే."

"వినకుండా ఏం చేస్తాండావు?"

ఉమామహేశ్ నేల చూశాడు.

"ఆయమ్మను చూస్తాండా."

డ్రైవర్లు ఫక్కున నవ్వారు. లోపల అరలో డబ్బాలేవో ధడేలున పడ్డాయి. పెద్దసుబ్బయ్య నవ్వలేదు. గల్లా దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు.

"వాసవీ, బోణీ నువ్వే చెయ్యమ్మా. తప్పు నాది గూడా."

శ్రీవాసవి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

"ఈ నాలుగు మాటలకు పది నెల్లు పట్టిందా?"

అతను దుడ్లు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ఆరోజు టీ తాగి వచ్చింటే నేనే సీళ్లు మార్చిచ్చేదాన్ని. నేనూ ఈడే కూచునుండేదాన్ని." జాకీ మీద దుమ్ము తన కొంగుతోనే తుడిచింది. "జాకీ అయితే కొత్తదిస్తా. పోయిన పది నెల్లకు మా కాడ స్పేరు లేదు."

"తెలుసు" అన్నాడు మెల్లగా.

 ఆమె ఆయిల్ డబ్బా తీసి ముందు పెట్టింది.

"దీంట్లో ఏం పోయాల?"

"హైడ్రాలిక్ ఆయిల్."

"కారు కిందికి దూరే ముందు?"

"స్టాండ్లు పెట్టాల. జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరకూడదు."

"రెండు నెల్లకొకసారి తెచ్చి చూపియ్, ఉమామహేశ్. బోణీ అయినాక రా."

ఆ మాటలో 'అన్నా' లేదు. ఈసారి అతను చెవులతోనే విన్నాడు.