రంగు పట్టని పిడులు

"ఆగండి! నీళ్ళు పోయకండి!"

ఆ కేకకు ఇల్లంతా ఉలిక్కిపడింది. స్నానాలగది పక్కనున్న చీకటి గదిలో, యాసిడ్ తొట్టి మీదికి వంగి చెంబు ఎత్తిన భర్త చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. కాఫీ గ్లాసు గుమ్మంలోనే వదిలేసి, ఆమె ఒక్క ఉరుకున వెళ్ళి ఆ చెంబు లాక్కుంది.

"చిక్కటి యాసిడ్‌లో నీళ్ళు పోస్తే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది! ముందు నీళ్ళు... తర్వాత యాసిడ్... అదీ సన్నటి ధారగా!"

అన్న తర్వాత గాని తానేమందో ఆమెకు తెలియలేదు. భర్త మెల్లగా తిరిగి చూశాడు. "నీకెలా తెలుసు?"

ఆమె చెంబు వెనక్కి దాచుకుంది.

ఫ్యాక్టరీ మూతపడి, లేతు మిషన్ మీద పద్దెనిమిదేళ్ళు పనిచేసిన ఆయన ఇంటికొచ్చి మూడు నెలలైంది. వచ్చిన వారానికే నాలుగు నీలం తొట్లు, ఒక పాత బ్యాటరీ చార్జరు తెచ్చి ఆ గదిలో పెట్టాడు. గిన్నెల మూతలకు వేసే అల్యూమినియం పిడులకు ఎర్రరంగు పట్టించి ఇస్తే ఎన్నైనా తీసుకుంటానన్నాడు గిన్నెల షాపాయన. పిడిని తీగకు కట్టి యాసిడ్‌లో వేలాడదీసి కరెంటిస్తే పైన సన్నటి పొర కడుతుంది, ఆ పొరే రంగు పీల్చుకుంటుంది. కానీ ఎన్నిసార్లు చేసినా ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు, ఒకటి బొల్లి మచ్చలు! ఇన్నాళ్ళూ నీళ్ళు కలిపిన యాసిడే కొనేవాడు. ఇవాళే మొదటిసారి చిక్కటిది తెచ్చాడు. "ఇంటి ఇల్లాలు అలా మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే రంగేం పడుతుంది!" అని అత్తగారు రోజూ సన్నాయి నొక్కులు నొక్కుతూనే ఉంది. ఆమె మాత్రం కాలుగాలిన పిల్లిలా వంటింటికీ ఆ గదికీ మధ్య తిరిగేది. ఏదో చెప్పబోయి మానేసేది...

"అడుగుతుంటే నిన్నే!"

"మా నాన్న ఇదే పని చేసేవాడండీ... మా ఇంట్లోనే. పదేళ్ళ వయసు నుంచీ పిడులకు తీగలు కట్టింది నేనే."

"మీ నాన్నది గుండెజబ్బన్నారుగా!"

"అమ్మ అలా చెప్పమంది... కిటికీ లేని గదిలో పదమూడేళ్ళు ఈ ఆవిరి పీల్చి, ఊపిరాడక నా ఒళ్ళోనే పోయాడు!"

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. "అయితే రంగెందుకు పట్టడంలేదో కూడా నీకు తెలుసా?"

"తెలుసు... కరెంటిచ్చినప్పుడు పిడి మీద పడే పొర తీగ మీదా పడుతుంది. ఆ పొర దాటి కరెంటు పోదు. ప్రతిసారీ తీగ గీకాలి. మీరు గీకకుండా అదే కడుతున్నారు."

"మూడు నెలలు! నేను తల బాదుకుంటుంటే చూస్తూ కూర్చున్నావా?"

"చెబితే మీరు గెలుస్తారు... గెలిస్తే ఈ తొట్లు ఈ ఇంట్లోంచి పోవు! మీరు ఓడిపోతే బాగుండునని కోరుకున్నానండీ... పాపిష్టిదాన్ని!"

ఆయన గోడకు జారగిలబడ్డాడు. "మరి నన్నేం చెయ్యమంటావే? ఈ చేతులు ఊరికే ఉంటే నేను మనిషినే కాదనిపిస్తోంది..."

గుమ్మం దగ్గర ఏదో దభీమని పడింది. అత్తగారి పరుపుచుట్ట! ఎప్పుడు విందో, ఎప్పుడు వెళ్ళి చుట్టుకొచ్చిందో!

"నా గది ఖాళీ చేస్తున్నాను. పెరటి చివర, ఎదురెదురు కిటికీలు. గాలి కావలిస్తే అంతకన్నా మంచి చోటు ఈ ఇంట్లో లేదు."

"అత్తయ్యా! మామయ్యగారు పోయాక ఎవర్నీ అడుగుపెట్టనివ్వలేదే ఆ గదిలో!"

"పోయినాయనకి గదెందుకే? ఉన్నవాడికి ఊపిరి కావాలి గాని!" అంటూనే ఆవిడ కళ్ళొత్తుకుంది. "గుండెల్లో ఇంత నిప్పు పెట్టుకుని తిరుగుతుంటే, మొహం వేలాడేశావన్నాను... నా నోరు పడిపోనూ!"

కోడలు ఆవిడ భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత నాలుగు రోజులు ఆమెకు కాలు నిలవలేదు. ఒక కిటికీకి గాలి బయటికి లాగే ఫ్యాను బిగించేదాకా తొట్టి ముట్టనివ్వలేదు. రబ్బరు తొడుగులూ కళ్ళద్దాలూ లేకుండా ఆయన్ని ఆ గది గడప తొక్కనివ్వలేదు. "ఇంతకన్నా ఫ్యాక్టరీ సూపర్‌వైజరే నయం!" అని ఆయన గొణిగాడు. అత్తగారు మాత్రం పెరట్లో కుర్చీ వేసుకుని, గడియారం చూస్తూ కొడుకు లోపలున్న నిమిషాలు లెక్కపెట్టే ఉద్యోగం తనకు తానే వేసుకుంది.

ఐదోరోజు మధ్యాహ్నం, రంగు నిలవడానికి ఆఖర్న ముంచే మరిగే నీళ్ళలోంచి మొదటి పన్నెండు పిడులూ బయటికొచ్చాయి. పన్నెండూ ఒకటే ఎరుపు! ఒక్క మచ్చ లేదు! ఆయన చిన్నపిల్లాడిలా వాటిని ఎండలోకి పట్టుకెళ్ళి తల్లికి చూపిస్తున్నాడు.

ఆమె మాత్రం లోపలే నిలబడిపోయింది. చల్లటి గాలి ఒక కిటికీలోంచి వచ్చి చెంప తాకి రెండో కిటికీలోంచి వెళ్ళిపోతోంది.

'ఒక్క కిటికీ నాన్నా... మనకీ ఒక్క కిటికీ ఉంటే...'

"మేస్త్రీగారూ! ఇంకో పన్నెండు వేద్దామా?" బయట్నుంచి భర్త పిలిచాడు.

ఆమె తొడుగులు విప్పి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తొడుక్కుంది. "వస్తున్నా... ముందు తీగ గీకనివ్వండి!"