మాపటికి చెప్తా

దీపం పెట్టేశారు కాబట్టి సైకిళ్ళు ఇవ్వరట. పుదుచ్చేరి ఉప్పళంలోని ఆ అద్దె సైకిళ్ళ దుకాణం ముందు, వీపున బస్తాలాంటి బ్యాగుతో నిలబడ్డ మణికంఠకి అర్థమైంది అంతే. ఆ మాత్రం అర్థం చేసుకోవడానికే తనకొచ్చిన నాలుగు తమిళ ముక్కలూ ఖర్చైపోయాయి.

లోపల ఓ ముసలావిడ గోడగూట్లో దీపం వెలిగించి, అగ్గిపెట్టె బొడ్లో దోపుకుంటోంది. బయట వరసగా సైకిళ్ళు. వాటికీ వీళ్ళ ముగ్గురికీ మధ్య గొలుసు పట్టుకుని ఓ అమ్మాయి. బీచి రోడ్డు చూసొచ్చి గంటలో తెచ్చిచ్చేస్తామని మణి చేతులతో చెప్పాడు, కళ్ళతో చెప్పాడు, గాల్లో తొక్కి చూపించి మరీ చెప్పాడు. ఆమె అంతా శ్రద్ధగా చూసి, కుదరదన్నట్టు తల ఊపింది.

"మొహం చూడరా, హైస్కూలు హెడ్మాస్టర్లా ఉంది" అన్నాడు మణి, పక్కనున్న హర్షవర్ధన్‌తో తెలుగులో, బోలెడంత ధైర్యంగా. "ఈ ఊళ్ళో చీకటి పడితే సైకిళ్ళు కూడా బజ్జుంటాయి కాబోలు."

అమ్మాయి గొలుసుకి తాళం వేసింది. తాళంచెవి వేలికి తగిలించుకుంది.

"హెడ్మాస్టర్ పొద్దన్నే స్కూలు తెరస్తాది. బజ్జున్నోటిని లేపి ఇస్తా. అప్పుడు రాండి" అంది. తెలుగులోనే.

వాళ్ళతోపాటు వచ్చిన భానుశ్రీ నవ్వి నవ్వి బ్యాగుతో సహా అరుగు మీద కూలబడింది. మణి మొహాన మాత్రం కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

నిజం చెప్పాలంటే ఈ ప్రయాణంలో మణి పానకంలో పుడక. హర్ష, భాను, తను ముగ్గురూ యానాంలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అందులో ఇద్దరు మొన్న శ్రావణంలో పెళ్ళి చేసుకుని మూడోవాణ్ణి గాలికొదిలేశారు. పెళ్ళికి ముందే ముగ్గురూ అనుకున్న యాత్ర ఇది. యానాం నుంచి ధనుష్కోటి దాకా, దొరికిన బస్సెక్కి, సముద్రాన్ని ఎడమచేతి పక్క నుంచి పోనివ్వకుండా వెళ్ళాలి. మాట మాటే కాబట్టి కొత్త దంపతుల వెనక మణి కూడా బ్యాగు తగిలించుకుని బయల్దేరాడు. ఫోటోలు తీసేది అతనే. బస్సులో ఇద్దరి సీటు దొరికితే నిలబడేదీ అతనే.

పుదుచ్చేరిలో ఒక్క రాత్రి ఆగుదామనుకున్నారు. యానాం కూడా పుదుచ్చేరి కిందిదే. అక్కడ జూనియర్ ఇంజనీరుగా రాజధానికి ఫైళ్ళు పంపడమే తప్ప, ఆ రాజధాని మొహం మణి ఎన్నడూ చూడలేదు. చూసి వెళ్ళిపోదామనుకుంటే వాన పట్టుకుంది. కార్తీకపు వాన, తెంపు లేకుండా కురిసింది. సైకిళ్ళు తీసుకోవడం, వీధి చివరిదాకా తొక్కడం, తడిసి ముద్దయి మళ్ళీ ఆ దుకాణం చూరు కిందికే రావడం. వాన తగ్గినప్పుడు కూడా మణి చూరు వదలకపోవడం భాను గమనించింది, గమనించి ఊరుకుంది.

ఆ అమ్మాయి పేరు అనుప్రియ. తాతల తాతలు ఎప్పుడో ఎక్కడి నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నాన్న ఏలుమలై బాహూరులో పొలం పని మీదున్నాడు. దుకాణం ఆమెదీ, అవ్వ అంబుజందీ. ఇంటిపేరేమిటని మణి అడిగితే, ఇంటికి పేరేంది, మాకు ఇనిషియలే ఉండాది అని నవ్వింది. మణి టీషర్టు మీది తెలుగక్షరాలు చూపించి ఏంది ఈ జిలేబీలని అడిగింది. ఇంత చక్కగా మాట్లాడే మనిషికి తెలుగు చదవడం రాదని తెలిసి అతను తెల్లబోయాడు. సుద్దముక్క తీసుకుని దుకాణం గచ్చు మీద ఆమె పేరు రాసి చూపించాడు. ఆమె తల అటు వాల్చి, ఇటు వాల్చి చూసి, జిలేబీ బాగుండాది అంది.

అతని గోదావరి మర్యాదలు ఆమెకి వింత. అతను అవ్వనీ అండి అంటాడు, తననీ అండి అంటాడు. చైను పడిపోయిన సైకిలుతో ఓసారి "ఆగండి బాబూ" అనడం ఆమె చెవిన పడింది. ఆ రోజంతా అందరికీ చెప్పుకుని నవ్వింది. నవ్వుతున్నప్పుడు ఆమె హెడ్మాస్టర్లా ఉండదని మణికి అప్పుడే తెలిసింది. తెలిశాక మనసు మనసులో లేదు.

దీపం సంగతి కూడా ఆమే చెప్పింది. సందె దీపం పెట్టాక దుకాణంలోంచి ఏ వస్తువూ గడప దాటకూడదు, దాటితే లక్ష్మి దాటినట్టేనని అవ్వ పట్టు. ఎంత పెద్ద గిరాకీ వచ్చినా అంతే. అవ్వ దీపం ముందు కలెక్టరైనా పొద్దున రావాల్సిందే.

వాన తెరిపిచ్చిన రోజు పొద్దున్నే బీచి రోడ్డు మీద నలుగురూ సైకిళ్ళు తొక్కారు. ఒక సైకిలుకి బ్రేకు సరిగ్గా లేదని అనుప్రియ వెంట వచ్చింది. మొగుడూ పెళ్ళాలు కావాలనే ముందుకు వెళ్ళిపోయారు. ఎడమ పక్క సముద్రం మురికి రంగులో ఉంది, రోడ్డు మాత్రం కడిగినట్టుంది. మరునాడు తెల్లారే కారైక్కాల్ బస్సు. ఇప్పుడు అడక్కపోతే ఇక లేదని మణికి తెలుసు. సైకిలు దిగి నడిపించసాగాడు. ఆమె కూడా దిగింది.

"నేను మళ్ళీ ఈ ఊరొస్తే... సైకిలు కోసం కాకుండా, మీ కోసమే వస్తే, మీకేమైనా అభ్యంతరమాండీ?"

అనుప్రియ నడక ఆపింది. సముద్రం వైపు చూసింది, సైకిలు బెల్లు వైపు చూసింది. ఆ బెల్లు ఒకసారి మోగించింది.

"మాపటికి చెప్తా" అని, సైకిలెక్కి వెళ్ళిపోయింది.

మణికి అది కాదన్నట్టే వినిపించింది. యానాంలో వాళ్ళ టైలరు చొక్కా అడిగినప్పుడల్లా రేపు మాపు అంటాడు. ఆ చొక్కా పండక్కి రాదు, పెళ్ళికీ రాదు. రేపు మాపు అన్నవాడి గుమ్మం మళ్ళీ తొక్కకురా అని నాన్న చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. రేపటి మాట కూడా లేకుండా ఉత్త మాపు అందంటే, ఇంతకంటే మర్యాదగా కాదని ఎవరు చెబుతారు? మంచి పిల్ల, మొహం మీద కొట్టలేదు. అంతే అనుకున్నాడు. అనుకున్నాడే గానీ కళ్ళు మండాయి.

రేపటిదాకా ఎందుకు, ఇవాళే పోదామన్నాడు. ఎందుకురా అని హర్ష అడిగితే వాన మళ్ళీ పట్టేలా ఉందన్నాడు. సైకిళ్ళు అప్పగించడానికి వెళితే అవ్వ ఒక్కతే ఉంది. మనవరాలు ట్యూబుల కోసం కోసపాళయం వెళ్ళిందట. మణికి అదీ మంచిదే అనిపించింది.

"వెళ్ళిపోతున్నామండి" అన్నాడు.

అవ్వ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "పోతామని చెప్తారా ఎవురన్నా? పోయొస్తామనాల" అంది.

మణి అద్దె డబ్బులు ఆవిడ చేతిలో పెట్టి బయటికి నడిచాడు. రాని మనిషి వస్తానని ఎలా అంటాడు?

బస్సు కడలూరు చేరేసరికి భాను ఓపిక అయిపోయింది. మూడోసారి టీ వద్దన్న మనిషికి జ్వరమైనా ఉండాలి, ప్రేమైనా ఉండాలి, నుదురు చూస్తే చల్లగానే ఉంది, ఏం జరిగిందో చెప్పమంది. మణి కిటికీలోంచి చూస్తూనే చెప్పాడు. తనడిగింది చెప్పాడు. ఆమె అన్నది కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు.

హర్ష తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు. అతని తల్లి పుట్టిల్లు చిత్తూరు.

"ఆ ముక్క పొద్దున్నే నాతో చెప్పి ఏడవచ్చు కదరా" అన్నాడు. "మా అమ్మమ్మ వాళ్ళూళ్ళో మాపు అంటే సాయంత్రం. ఇవాళ సాయంత్రం చెప్తానందిరా ఆ పిల్ల."

తర్వాత ఎవరు బ్యాగులు తీశారో, ఎవరు రోడ్డు దాటించారో మణికి గుర్తు లేదు. పుదుచ్చేరి బస్సులో ఊపిరి తీసుకున్నాక చూస్తే సముద్రం కుడిచేతి వైపు ఉంది. ఫోన్ చేద్దామంటే అతని దగ్గర ఆమె నంబరు లేదు. దుకాణం బోర్డు ఫోటో తీసుకున్నాడు గానీ, దాని మీదున్నది వాళ్ళ నాన్న నంబరు. మాపటికి చెప్తానన్న మాట ఏమైందండీ అని ఏలుమలై గారిని అడుగుతావా అని భాను అడిగింది. మణి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

వాన మళ్ళీ మొదలైంది. ఊరికి కాస్త ఇవతల, అరియాంకుప్పం వంతెన దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. అద్దానికి అవతల వెలుతురు మెల్లగా తగ్గిపోతోంది.

"మాపు ఎప్పటిదాకా ఉంటుందిరా?" అని మణి అడిగాడు.

"దీపం పెట్టేదాకా. దీపం పెట్టాక రాత్రనేది మా అమ్మమ్మ" అన్నాడు హర్ష.

మణి బస్సు దిగిపోయి నడిచాడు. నడక చాలక పరిగెత్తాడు. వీపున బ్యాగు, నెత్తిన వాన.

ఉప్పళంలో కరెంటు పోయింది. వీధంతా కిటికీల్లో కొవ్వొత్తులు, గడపల్లో దీపాలు. సైకిళ్ళ దుకాణం ఒక్కటే చీకటిగా ఉంది. మూసేశారనుకున్నాడు మణి. దగ్గరికి వెళితే, అవ్వ పీట మీద కూర్చుని ఉంది. గూట్లో ప్రమిద, ప్రమిదలో నూనె, నూనెలో వత్తి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అగ్గిపెట్టె ఆవిడ ఒళ్ళో ఉంది. అనుప్రియ చక్రాల్లోకి గొలుసు దూరుస్తోంది. గచ్చు మీద అతను రాసిన పేరుని కోపంగా కాలితో తుడిచేసినట్టుంది, 'అను' వరకే మిగిలింది.

"బస్సు తప్పిపోయిందా?" అంది అనుప్రియ, తలెత్తకుండా.

"నేనే తప్పానండి" అన్నాడు మణి, రొప్పుతూ. "మా ఊళ్ళో మాపు అంటే ఎప్పటికీ కాదని. మీ ఊళ్ళో సాయంత్రమని కడలూరు వెళ్ళాక తెలిసింది. అందుకే పరిగెత్తుకొచ్చాను."

గొలుసు చప్పుడు ఆగింది. ఆమె పెదవి చివర ఏదో కదిలింది గానీ, వెంటనే బిగించేసింది.

"చెప్పకుండా పొయినారు. మద్యానం నుంచి యాడ యాడ చూసినానో మీకేం తెలుసు? ఇప్పుడు సాయంత్రం అయిపోయింది. చూడండి వీధిలో, రాత్రి."

మణి వీధిలోకి చూశాడు. నిజంగానే రాత్రి. కళ్ళల్లోకి వచ్చింది వానో కాదో చీకట్లో తెలియకపోవడం ఒక్కటే మేలు.

"ఎవురు చెప్పింది రాత్రని?" అంది అవ్వ, పీట మీంచి. "నేనింగా దీపం పెట్టలా. దీపం పెట్టేదాకా మాపే."

అనుప్రియ వెనక్కి తిరిగింది. వీధి వీధంతా దీపాలు పెట్టేసినా అవ్వ ఎందుకు పెట్టలేదో, అడిగినప్పుడల్లా వత్తి తడిసిందని, నూనె చాలదని ఎందుకు సాగదీసిందో అప్పుడు అర్థమైంది ఆమెకి.

"మద్యానం నన్నడిగింది ఇది, నీకేం చెప్పాల అని. పిల్లోడు మంచోడే, పోయొస్తానని చెప్పకుండా పొయినాడే అంటిని" అంది అవ్వ మణితో. "వచ్చేవాడైతే దీపం పెట్టే లోపల వస్తాడని కూచున్నా. చెప్పవే, నాకు నడుము నొప్పిగా ఉండాది."

అనుప్రియ తాళంచెవిని వేలి చుట్టూ తిప్పింది. వీధి మలుపులో రెండు బ్యాగులు తడుస్తూ వస్తున్నాయి. వాళ్ళు దగ్గరికి రాకముందే చెప్పేయాలన్నట్టు గబగబా చెప్పింది.

"రేపు పోయేటప్పుడు పోయొస్తా అని నాకు చెప్పి పోండి. చెప్పినాక రావాల. సైకిలు కోసం కాదు."

"వస్తానండి" అన్నాడు మణి. ఇంకోసారి కూడా అన్నాడు. ఆ అండి విని ఆమె నవ్వేసింది.

అవ్వ అగ్గిపుల్ల గీసి దీపం పెట్టింది. చేతులు జోడించి, కళ్ళకద్దుకుని, ఇటు తిరిగింది.

"దీపం పెట్టేస్తి. ఇంగ ఈ అంగడిలోంచి ఏదీ గడప దాటేది లేదు, నా మనవరాలు కూడా. పొద్దన్నే రా నాయనా."