మేము కాదు, మనం

ముప్పై నాలుగేళ్ళు బడిలో భాష చెప్పినదాన్ని. తప్పు చెవిన పడితే దిద్దకుండా ఉండలేను. ఆ అలవాటు వల్లే ఇదంతా జరిగిందని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అందుకని మొదటినుంచీ, వరసగా చెబుతాను.

రిటైరయ్యాక మా వీధి చివర యువజన సంఘంలో పిల్లలకి కొండ నడక నేర్పుతున్నాను. వయసులో కొండలెక్కిన కాళ్ళు, కూర్చోమంటే కూర్చోవు. ఆ ఏడాది ఏడుగురు తేలారు, అందరూ పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు. సెలవుల్లో ఎనిమిది రోజులు అడవి కొండల్లో నడవాలి. దారిలో ఊరు ఉండదు, ఫోను పలకదు. అందుకే ముందు మూడు సాధన నడకలు పెట్టాను. మొదటిది ఖాళీ చేతులతో, రెండోది సగం బరువుతో, మూడోది పూర్తి బరువుతో.

ఆ ఏడుగురిలో నా మనవరాలు ఒకతి. మనిషి చిన్నది, నోరు ఊరుకోదు, అందరూ పిచ్చుక అంటారు. మూడో నడక పొద్దున మా అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, “అమ్మా, దాన్ని నీ కళ్ళముందే ఉంచుకో,” అంది. సరేనన్నాను. అని, ఎప్పటిలాగే దాన్ని వరసలో చిట్టచివర నిలబెట్టాను. పక్కన పెట్టుకుంటే మనవరాలని వెనకేసుకొస్తున్నానని మిగతావాళ్ళు గుసగుసలాడతారని.

చివర నడిచేవాళ్ళని తోక అంటాం. ముందు నడిచే నేను వంద అడుగులకోసారి వెనక్కి తిరక్కుండానే “తోకా?” అని పిలుస్తాను. తోక తన ముందున్న తలలు లెక్కపెట్టుకుని జవాబు చెప్పాలి. మొదటి నడకలో పిచ్చుక “మేమందరం ఉన్నాం” అంది. నడక ఆపించి మరీ దిద్దాను. మేము అంటే వింటున్న మనిషి అందులో లేనట్టు. మనం అంటే ఆ మనిషినీ కలుపుకున్నట్టు. మేము అన్నావంటే నన్ను కొండమీద వదిలేసినట్టేనే, మనం అను, అన్నాను. గోనె అని ఒక కుర్రాడున్నాడు, వాడి బ్యాగు ఎప్పుడూ బస్తాలా ఉబ్బి ఉంటుంది. టీచరమ్మకి పులి ఎదురైతే ముందు దాని గాండ్రింపులో తప్పులు దిద్దుతారన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ తరవాత ఎవరూ ఆ మాట తప్పు చెప్పలేదు.

మూడో నడకలో కొండకొన దాటి దిగడం మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం మూడయింది. అప్పుడు మంచు దిగింది. మెల్లగా కాదు, ఎవరో దుప్పటి కప్పినట్టు. చాచిన నా చెయ్యి నాకే కనబడలేదు. పిట్టల అరుపులు ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి తెరవని ట్రంకుపెట్టె మూత తీసినట్టు ఒక వాసన. బూట్ల కింద గులకరాళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

“తోకా?” అన్నాను.

“మనం అందరం ఉన్నాం,” అంది పిచ్చుక, గట్టిగా.

ఇంకో వంద అడుగులు. మళ్ళీ పిలిచాను. అదే జవాబు. ఇంకో వంద.

“తోకా?”

 ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది, చాలా దూరం నుంచి, సన్నగా...

“మేమందరం ఉన్నాం.”

అలిసిపోయిందనుకున్నాను. అలిసిపోతే పిల్లలు పాత తప్పులే చేస్తారు, నాకు తెలుసు. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

“మేము కాదు. మనం.”

 తరవాత ఆ గొంతు, కొత్తగా గుణింతం నేర్చుకునే పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కున్నట్టు...

“మ... నం... అందరం... ఉన్నాం.”

ఈసారి దూరం నుంచి కాదు.

నా బ్యాగు పట్టీని ఎవరో పట్టుకుని లాగారు. పిచ్చుక. నా వెనకే ఉంది. బూటు లేసు తెగిందట, మంచులో వెనక పడిపోతానని భయమేసి, గోనెకి చెప్పి ముందుకి వచ్చేసిందట.

“అమ్మమ్మా,” అంది గుసగుసగా. “ఈసారి నేనింకా పలకలేదు.”

ఒక్కొక్కరినీ దగ్గరికి రమ్మని, తలలు తడిమి లెక్కపెట్టాను. ఏడు. అందరూ ఉన్నారు. వెనక ఎవరూ లేరు.

ఇక పిలవనన్నాను. ఎవరూ మాట్లాడొద్దు, ముందువాళ్ళ బ్యాగు పట్టుకుని నడవండి అన్నాను. పిచ్చుక చెయ్యి నా ఎడం చేతిలో పెట్టుకున్నాను. కళ్ళముందే ఉంచుకో అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది.

నేను పిలవలేదు. అయినా సరిగ్గా వంద అడుగులకి జవాబు వచ్చింది.

“మనం అందరం ఉన్నాం.”

మళ్ళీ వంద అడుగులకి. ఇంకొంచెం దగ్గరగా. ఇప్పుడు తడబాటు లేదు. వెనక గోనె ఏడుస్తున్నాడు, చప్పుడు కాకుండా.

ఒకచోట దారి ఇరుకైంది. రాతికి ఒరిగి దిగాలి. చెయ్యి మార్చుకోవడానికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పిచ్చుక చెయ్యి వదిలాను. వెంటనే కుడిచేత్తో అందుకున్నాను. చల్లగా ఉంది. మంచు కదా, అనుకున్నాను.

ఆ తరవాత గొంతు వినబడలేదు.

కింద వ్యాను దగ్గర డ్రైవరు పేర్లు చదివి ఏడుగురినీ ఎక్కించాడు. గోనె నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. పిచ్చుక కిటికీ పక్కన కూర్చుని దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు. దాన్ని అంత మౌనంగా ఎప్పుడూ చూడలేదు.

చీకటి పడేవేళకి ఇల్లు చేరాం. మా అమ్మాయి పరుగున వచ్చి కూతుర్ని గుండెకి హత్తుకుంది. “మేము వచ్చేశాం అమ్మా,” అంది పిచ్చుక. నన్నూ కలుపుకుని అందనుకున్నాను. తప్పేం లేదు.

అన్నం తినలేదు. తిన్నగా గదిలోకి వెళ్ళి దుప్పటి కప్పుకుంది. తలుపు దగ్గర నిలబడి, లైటు తీసెయ్యనా అని అడిగాను.

“తీసెయ్ అమ్మమ్మా. మేము పడుకుంటాం.”

గదిలో అదొక్కతే ఉంది.

నాలుక చివరిదాకా వచ్చింది. మేము కాదే, నేను అనాలి. ముప్పై నాలుగేళ్ళ అలవాటు. కానీ కొండమీద ఒకసారి దిద్దిన మాట గుర్తొచ్చింది. పళ్ళు బిగించుకున్నాను. లైటు ఆర్పి, తలుపు దగ్గరికి వేశాను.

చీకట్లోంచి, నా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు కాసేపాగి...

“తప్పు చెప్పామా, అమ్మమ్మా?”