నిశ్శబ్ద గొడుగులు

గొడుగు కింద నిలబడి డాక్టర్ ఎలీషా గారు నోరారా తిడుతున్నారు. ఎవరిని తిడుతున్నారో తెలియదు. ఒక్క ముక్క కూడా బయటికి రావడం లేదు. పెదవులు మాత్రం అద్దాల తొట్టిలో చేపకు ఆడినట్టు ఆడుతున్నాయి. కాసేపటికి ఇవతలికి వచ్చి, "వినబడిందా?" అని అడిగారు.

"లేదండీ," అన్నారు లైబ్రేరియన్ ఇందుమతి గారు. "ఇంతకీ ఏమన్నారు?"

"మన రిజిస్ట్రార్ గారి గురించి నాలుగు మంచి మాటలు."

ప్రయోగం విజయవంతమైంది.

యూనివర్సిటీ లైబ్రరీ రీడింగ్ హాలులో బల్లకొక గొడుగు వెలిసింది. గొడుగంటే పైనుంచి వేలాడే తెల్లటి రేకు, దాని అంచు చుట్టూ బఠాణీ గింజలంత స్పీకర్లు. కింద కూర్చున్నవాళ్ళ గొంతునూ, బయటి గోలనూ మైకు పట్టుకుంటుంది. ఆ ధ్వని తరంగానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకర్లు వదులుతాయి. మిట్టను తవ్వి గుంట పూడ్చినట్టు రెండూ కలిసి చదునైపోతాయి. లోపలి మాట బయటికి రాదు, బయటి మాట లోపలికి పోదు.

ఇంత సైన్సు ఎందుకు అవసరమైందంటే, రిజిస్ట్రార్ పెమ్మరాజు గారికి ఆ హాలు మీద కన్నుపడింది. సమావేశ మందిరానికి బాగుంటుందట. హాల్లో గోల ఎక్కువైందని విద్యార్థులే ఫిర్యాదులు పెట్టారు. ఆ గోల చేసేదీ వాళ్ళేలెండి. "గోల ఆగకపోతే హాలు ఖాళీ చేయించి పుస్తకాలను గోడౌనుకు పంపుతాం" అని నోటీసు వచ్చింది. ఇందుమతి గారు పరుగున ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో ఎలీషా గారి దగ్గరికి వెళ్ళారు.

మొదట్లో హాలు ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, చదవడానికని వచ్చినవాళ్ళు నిజంగానే చదివేశారు.

తరవాత చిక్కు వచ్చింది. గుసగుసల్లో ఉన్న సుఖం ఏమిటంటే, అవి సగం వినబడతాయి. పక్క బల్ల వాళ్ళు మన గురించి మాట్లాడటం లేదని తెలిసి మనసు కుదుటపడుతుంది, కాస్త నిరాశ కూడా కలుగుతుంది. ఇప్పుడు మూతులే కనబడుతున్నాయి.

హిస్టరీలో రీసెర్చ్ చేస్తున్న భ్రమరాంబ ఒకరోజు తన గైడు, తన స్నేహితుడు వజీరు ఒకే గొడుగు కింద పగలబడి నవ్వడం చూసింది. ఇద్దరికీ ఆయనే గైడు.

"ఏరా వజీరూ, ఏం నవ్వుకున్నార్రా?"

"మా ఇంటి మేక సంగతి చెప్పాను."

"మేక గురించి అంతసేపా?"

"పెద్ద మేకే భ్రమరా."

ఆమె నమ్మలేదు. విన్నాక నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఆ తరవాత గొడుగు కింద కూర్చున్నవాళ్ళందరినీ హాలు అదోలా చూడసాగింది. దాచాల్సింది లేకపోతే అక్కడెందుకు కూర్చుంటారు? దాంతో జనం బల్లలు వదిలేసి, కుర్చీలు గోడవారకు లాక్కుని, తమ మనసులో ఏమీ లేదని తెలియడానికి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

"నేను టీకి వెళ్తున్నా! టీకే!"

"నేను నోట్సు చూస్తున్నా! నాదే!"

వారపు సంత నయం. ఇందుమతి గారు మళ్ళీ ఎలీషా గారి దగ్గరికి వెళ్ళారు.

"లోపం యంత్రంలో లేదమ్మా," అన్నారాయన. "మాట ఆపమన్నారు, ఆపాను. అనుమానం ఆపమని మీరు అడగలేదు."

తనిఖీకి రిజిస్ట్రార్ గారు రానే వచ్చారు. గుమ్మంలోనే చెవులు మూసుకున్నారు. ఇందుమతి గారు ఆయన్ను మెల్లగా గొడుగు కిందికి తీసుకెళ్ళారు. హాలంతా లేచి నిలబడింది. ఆవిడ చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారు. ఆయన పుస్తకాల బీరువాల వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి తల ఊపారు.

"ఒప్పుకున్నారు," అంది భ్రమరాంబ.

"ఏమో, అది ఈగను తోలిన ఊపు," అన్నాడు వజీరు.

ఇందుమతి గారు వెలిగిపోతూ ఇవతలికి వచ్చారు. "హాలు మనకే వదిలేశారు! తానూ ఇలాంటి హాల్లోనే చదువుకుని పైకొచ్చానన్నారు!"

"నేనా?" అన్నారు రిజిస్ట్రార్ గారు. "ఎప్పుడన్నాను?"

"ఇప్పుడే కదా సార్, గొడుగు కింద."

"ఎవరు విన్నారు?"

హాలు నిండా సాక్షులే. ఒక్కరూ వినలేదు. ఇందుమతి గారు భ్రమరాంబ వైపు తిరిగారు. "నువ్వు చూశావుగా తల్లీ?"

"సార్ తల ఊపడం చూశానండీ."

"మెడనొప్పి," అన్నారు రిజిస్ట్రార్ గారు.

అంతే. పుస్తకాలు గోనెసంచుల్లో గోడౌనుకు చేరాయి, వాటి వెంటే ఇందుమతి గారూ. ఆవిడే గొడుగు కింద ఏదో బేరం కుదుర్చుకుని ఉంటుందని కొందరన్నారు. కుదుర్చుకుంటే గోడౌనులో ఎందుకు కూర్చుంటుందని అడిగితే, అదే ఆ బేరంలోని తెలివి అన్నారు. రిజిస్ట్రార్ గారికి మాత్రం గొడుగులు తెగ నచ్చాయి. కొత్త సమావేశ మందిరంలో ఒక్కటీ ఊడదీయవద్దన్నారు. క్యాంపస్‌లోని ప్రతి ఆఫీసు గదికీ ఒకటి చేసిపెట్టమని ఎలీషా గారికి ఆర్డరిచ్చారు.

ఆ ఆర్డరు కాగితం జేబులో పెట్టుకుని ఎలీషా గారు గోడౌనుకు వెళ్ళారు. ఇందుమతి గారు సంచుల మధ్య స్టూలు మీద కూర్చుని పుస్తకాల దుమ్ము దులుపుతున్నారు. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, ఆ రోజు ఆయన నిజంగానే ఒప్పుకున్నారా? ఇక్కడ ఎవరూ వినరులెండి. నాతో చెప్పండి."

ఇందుమతి గారు దులపడం ఆపి ఆయన ముఖంలోకి చూశారు.

"గొడుగు కింద రిజిస్ట్రార్ గారూ ముందు ఆ మాటే అన్నారండీ," అన్నారు. "ఎవరూ వినరులెండి, చెప్పండి అని."