బొట్టు పెట్టిన లంకె

ముత్యాలగిరి రాజ్యానికి నీళ్లిచ్చేది ఒకే ఒక్క కొండ ఊట. ఒక వేసవిలో ఎవరో యక్షుడు ఆ ఊట చుట్టూ ఇనుప గొలుసు బిగించాడు. ఆనాటి నుంచి చుక్క నీరు కిందికి రాలేదు. గొలుసు కొస ఎక్కడుందో చెప్పినవారికి ఊటను విడిచిపెడతాననీ, చెప్పలేనివారు శిలలైపోతారనీ అతడు చాటించాడు. వెళ్లిన వీరుల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి ఆస్థాన కమ్మరి కొడుకు భద్రయ్య కూడా శిలయ్యాడు.

భద్రయ్య చెల్లెలు పేరిందేవి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, కుంకుమ భరిణె కొంగున కట్టుకుని బయలుదేరింది. గొలుసులు చేసే అన్నకే కొస ఎందుకు దొరకలేదు? దారి పొడుగునా ఆమెకు అదే ఆలోచన.

అడవి దాటాక ఒక మడుగు అడ్డం వచ్చింది. అందులో అవతలి గట్టుదాకా అడుగు అందనంత ఎడంగా వరసగా పదిహేను రాళ్లు. మొదటి రాతి పక్కన ముసలి తాబేలు ఉంది.

"ఈ రాతి మీద నిలబడు పిల్లా. నిన్ను మోసుకెళతాను" అంది తాబేలు. "కానీ నువ్వు అప్పటికే నిలబడ్డ రెండు రాళ్ల వరస సంఖ్యలు కలిపితే ఏ రాయి వస్తుందో, దానికే తీసుకెళతాను. ఒకే రాతిని రెండుసార్లు కలుపుకోవచ్చు. ఐదే మోతలు. ఆరోదానికి మునిగిపోతాను, నా ఓపిక అంతే."

పేరిందేవి వేళ్లు మడిచింది. రెండు, నాలుగు, ఎనిమిది, పన్నెండు, పద్నాలుగు, పదిహేను. ఆరు మోతలయ్యాయి.

"నీ పోలికే ఉన్న మీ అన్న ఈ లెక్క తేలక ఇక్కడే ఒక పూట కూర్చున్నాడు" అంది తాబేలు.

"తొందరపడి ఎనిమిదికి పోకూడదు తాతా. రెండు, మూడు, ఆరు, పన్నెండు. పన్నెండుకు వెనకటి మూడు కలిస్తే పదిహేను."

"ఇనుము లేకుండానే గొలుసు చేశావే" అంటూ తాబేలు వీపు వంచింది.

కొండ మీద యక్షుడు అలసిపోయి కూర్చుని ఉన్నాడు. గొలుసు పొదల్లోంచి ఎటో పోతోంది. లంకెలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పక్కనే నేల అరిగి కాలిబాట పడింది. అన్న అడుగులు కూడా అందులోనే ఉండాలి. ఆ బాట చూడగానే ఆమెకు సంగతి తట్టింది. ఒక లంకెకు కుంకుమ బొట్టు పెట్టి, లంకె లంకెనూ తాకుతూ నడిచింది. పొద్దు వాలేసరికి ఆ బొట్టే మళ్లీ చేతికి తగిలింది.

"కొస అంటే ఒక పక్కే తోడున్న లంకె. ఇందులో అన్నిటికీ రెండు పక్కలా తోడుంది స్వామీ. మడి చుట్టూ వేసిన గట్టుకు కొస ఉంటుందా? దీనికీ లేదు."

యక్షుడు ఆమెకేసి తెల్లబోయి చూశాడు. "ఈ గొలుసు చేతికిచ్చి, కొస తేలేదాకా దీనికి కాపలా ఉండమని ముని శపించాడు. నేనే వెయ్యేళ్లుగా వెతుకుతున్నాను. ఎవరైనా వచ్చి చెబుతారనే దీన్ని ఈ ఊటకు బిగించాను."

"గుర్తు పెట్టుకోలేదా?"

"ఎక్కడ మొదలుపెట్టానో జ్ఞాపకం ఉంటుందనుకున్నాను." అతడు నిట్టూర్చాడు. "మరి ఆఖరి లంకె అతికిందెవరు?"

"అది నాకూ తెలియదు స్వామీ. అతుకు కనపడనివ్వలేదంటే గొప్ప పనివాడే."

ఇద్దరూ ఆ పనివాడికి చేతులు జోడించారు. గొలుసు సడలి నేల మీద పడింది. ఊట పొంగి, ఆ తడి తగిలిన శిలలు ఒక్కొక్కటే మనుషులయ్యాయి.

భద్రయ్య కళ్లు నులుముకున్నాడు. "కొస దొరికిందా చెల్లీ?"

"లేదన్నయ్యా, మొదలు దొరికింది."

వాళ్లిద్దరూ నీటి వెంటే ఇంటికి నడిచారు. రాజు ఊట పాలనను పేరిందేవికే అప్పగించాడు. ఆమె బతికినన్నాళ్లూ ఆ రాజ్యంలో ఏ ఇంటి కడవా ఖాళీగా లేదు.