కొట్టని గుమ్మడికాయలు

తెల్లవారుతూనే వీరసామి మళ్లీ ఒంటేలుకని పెరట్లోకి వెళ్లివచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తున్న మామగారి ముందు దేవిప్రియ నీళ్లచెంబూ మాత్రా పెట్టింది. ఆమెను పనికి తీసుకెళ్లే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ బండి వచ్చే వేళైంది.

"మింగు మామా. మాత్ర ఆపితే ఒంటేలు నిలిచిపోతుందని విరుదునగర్ డాక్టరు చెప్పలేదా?"

"నూనె ఏదీ?"

"నూనె కూటికి తోడు అన్నాడు. మందుకు బదులు కాదు."

"నూనె లేనిదే నాకు మాత్ర దిగదు."

గుమ్మడిగింజల నూనె వేడి చేయకుండా అన్నంలో చెంచాడు కలుపుకుంటే వీరసామికి హాయిగా ఉండేది. గింజలు ఎండబెట్టి విరుదునగర్ గానుగకు మోసుకెళ్లేవాడు పెద్దకొడుకు, దేవిప్రియ భర్త కాళియప్పన్. ఆ ఇంట్లో నిండు గుమ్మడికాయ పెద్దకొడుకుతో సమానం. ఆడవాళ్లు దానికి కత్తి పెట్టరు. "నన్ను నేనే నరుక్కుంటా ఉండాను, చూడమ్మా" అని నవ్వుతూ కొట్టేవాడు కాళియప్పన్.

లారీ గుద్ది అతను పోయాక కాయలు మంచం కింద అలాగే ఉండిపోయాయి. వాటిని కొట్టడానికి వీరసామికి చేతులు రాలేదు. పక్కింటివాళ్లను పిలవడానికి అతని భార్య తంగమ్మ ఒప్పుకోలేదు.

దేవిప్రియ వంగి ఒక కాయను బయటికి దొర్లించింది. కొడవలి అందుకుంది.

"ఏమే! పెట్టు కింద!" తంగమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఇంటి పెద్దకొడుకును నరుకుతావా?"

"నరికేదానికి ఇంకెవరుండారత్తా?"

పొయ్యి మీద గంజి పొంగుతోంది. ఎవరూ కదలలేదు.

"ఆయన్ని పోగొట్టుకుంటిమి," అంది దేవిప్రియ. ఆమె గొంతు పెరగలేదు. "ఈ కాయల్ని కాపాడుకుంటా మామను కూడా పోగొట్టుకుందామా?"

తంగమ్మ మెల్లగా కూలబడి, దొర్లకుండా కాయను రెండు చేతులా పట్టుకుంది. కొడుకు కొట్టేటప్పుడూ అలాగే పట్టుకునేది.

"కొట్టు. నా వేళ్లు జాగ్రత్త."

కాయ రెండుగా విడింది. తంగమ్మ గింజల్లో చేయి పెట్టి, వాటిని గుప్పిట్లో పట్టుకుని, చాలాసేపు ఏడ్చింది. దేవిప్రియ ఆమె పక్కనే కూర్చుంది. వీధిలో ఫ్యాక్టరీ బండి హారన్ మోగించి వెళ్లిపోయింది.

వీరసామి మాత్ర నోట్లో వేసుకున్నాడు.

"నూనె ఇంకా రాలేదే మామా?"

"రానీ. అందాకా నీళ్లు చాలు." చెంబు దించి కోడలి వైపు చూశాడు. "గింజలు ఎండినాక చెప్పమ్మా. గానుగకు నేనూ వస్తా. వాడు పోయే దోవ నీకు తెలీదు కదా."